నమూనా లేని జవాబు

మా బాబాయి ఒక హైస్కూల్లో గుమాస్తా. ఇరవై ఆరేళ్లుగా అదే గది, అదే కుర్చీ. ఈ ఇరవై ఆరేళ్లలో కొన్ని వేల ఉత్తరాలు టైపు చేసి ఉంటాడు. వాటిలో ఆయన సొంత వాక్యం ఒక్కటీ లేదు.

ఎగతాళికి అంటున్న మాట కాదు. ఆయనే చెప్పుకునేవాడు, అదీ కాస్త గొప్పగా. "సొంత కవిత్వం మొదలెట్టిన గుమాస్తా ఎవడూ పెన్షన్ దాకా బతికి బట్టకట్టలేదురా."

ఆయన కుర్చీ వెనక ఇనప బీరువా. దాని కింది అరలో నల్లట్ట ఫైలు. అట్ట మీద తెల్లకాగితం అంటించి "నమూనాలు" అని రాసిపెట్టుకున్నాడు. సెలవు మంజూరుకి ఒక నమూనా, విరిగిన బెంచీలకి ఒకటి, కారే కప్పుకి ఒకటి, జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడు చెప్పే జవాబుకి రెండు. పై ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా, ఆ ఫైల్లో దాని అన్నయ్య ఎక్కడున్నాడో వెతికేవాడు. దొరగ్గానే పేరూ తేదీ మార్చి పెద్ద మేడమ్ సంతకానికి పంపేవాడు. అన్ని స్కూళ్ల గుమాస్తాలూ అంతే. ఒకరి దగ్గర లేని నమూనా ఇంకొకరిని అడిగి తెచ్చుకుంటారు. ఆ విషయంలో వాళ్ల మధ్య ఉన్న స్నేహం సొంత అన్నదమ్ముల మధ్య కూడా ఉండదు.

ఒక్కసారి మాత్రం గురి తప్పింది. లెక్కల మాస్టారు పోయినప్పుడు సంతాప తీర్మానం టైపు చేయాల్సి వచ్చింది. హడావుడిలో బాబాయి ఫైల్లో దాని పైనున్న కాగితం తీశాడు. అది రిటైరైనవాళ్లకి ఇచ్చే అభినందన. పేరు మార్చాడు, తేదీ మార్చాడు. హాలు నిండా జనం నిలబడి ఉండగా డ్రిల్లు మాస్టారు గంభీరంగా చదివాడు: "వారి శేషజీవితం ఆయురారోగ్యాలతో హాయిగా సాగాలని కోరుకుంటూ..."

"పోయినాయన భార్య ఒక్కతే నవ్వింది. మిగతావాళ్లంతా నన్ను చూస్తున్నారు" అని బాబాయి ఇప్పటికీ చెబుతాడు.

ఆ రోజు నుంచి స్కూల్లో ఆయన పేరు నమూనా. పిల్లలకి నమూనా సార్. పై ఆఫీసువాళ్లు కూడా ఫోన్లో "ఎవరు, నమూనాగారేనా?" అనేవారు. ఆయన అవునండీ అనేవాడు.

ఆ స్కూలు గేటు ఎదురుగా నాది జిరాక్స్ కొట్టు. నేను పదోతరగతి వరకు అక్కడే చదివాను. లైబ్రరీ లెక్కలోంచి కొట్టేసిన పాత పుస్తకాలని బాబాయి తూకానికి వేయకుండా నాకు ఇచ్చేవాడు. మిగతా చదువంతా ఆ చిరిగిన అట్టల్లోనే జరిగింది. కాబట్టి ఈ కథలో కొంత నా కళ్లతో చూసింది, కొంత మా ఇంట్లో విన్నది. మేం ఉండేది ఒకే ఇంట్లో. బాబాయి, పిన్ని, వాళ్ల అమ్మాయి, నేను.

పిన్ని పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. రోజుకి ఆరువందల దుప్పట్లు. ఇంట్లో ఏ గుడ్డ కనబడినా చేతులు వాటంతటవే మడతపెట్టేస్తాయి, మనం తుడుచుకుంటూ ఉన్నా సరే. అమ్మాయి అప్పుడు తొమ్మిదోతరగతి, ఆ స్కూల్లోనే. ఇంట్లో లాయరమ్మ అనేవాళ్లం. పాలు విరిగితే ఎందుకు విరిగాయో రెండు వైపులా వాదించేది. ఇంట్లో బాబాయిని "నువ్వు" అంటుంది. స్కూల్లో మాత్రం ఆయన గది కిటికీ దగ్గర నిలబడి, అందరి పిల్లల్లాగే "సార్, ఒక సర్టిఫికెట్ కావాలి" అనేది. ఆయన కళ్లజోడు సర్దుకుని "తరగతి?" అని అడిగేవాడు. ఇద్దరికీ అదొక ఆట.

కిందటేడు చలి మొదలైన రోజుల్లో పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. పాఠశాల సంస్కరణలో హైస్కూలు విద్యార్థులను భాగస్వాములను చేయాలి. మీ స్కూలు ఎలా మారాలో పిల్లల్నే అడిగి, వాళ్ల సూచనను కంప్యూటర్లో ఎక్కించాలి. గడువు రెండు వారాలు. కాగితం మా స్కూలుకి చేరేసరికి అందులో ఐదు రోజులు అయిపోయాయి.

బాబాయి నల్లట్ట ఫైలు తీశాడు. మొదటి నుంచి చివరి దాకా తిప్పాడు. దీనికి అన్నయ్య లేడు. పక్క స్కూళ్ల గుమాస్తాలకి ఫోన్ చేశాడు. వాళ్లూ ఇదే వెతుకులాటలో ఉన్నారు. చివరికి పై ఆఫీసుకే చేశాడు.

"నమూనా ఇంకా తయారు కాలేదండీ. ఈసారికి మీ ఇష్టం వచ్చినట్టు నింపండి" అన్నారు అవతలి నుంచి.

మీ ఇష్టం వచ్చినట్టు. ఆ మాటకి మనిషి బెంబేలెత్తిపోయాడు. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కూడా సరిగా తినలేదు.

"ఏమండీ, ఏదో ఒకటి రాసి పడెయ్యండి. వాళ్లు చదువుతారా చస్తారా?" అంది పిన్ని.

"ఏదో ఒకటి అంటే ఏది?"

"పిల్లలు సంతోషంగా ఉన్నారు, మీ దయ అని."

"నాన్నా, ఆ కాగితంలో ఏముంది? పిల్లల్ని అడగమని ఉంది కదా?" అంది లాయరమ్మ.

"ఉంది."

"మరి పిల్లల్ని అడగొచ్చు కదా?"

బాబాయి ముద్ద చేతిలో పట్టుకుని కూతురి వైపు చూశాడు. చెబితే నమ్మరు గాని, అంతవరకు ఆ ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు. నేనైతే ఇలాంటి కాగితాలన్నీ బూటకమని ఎప్పుడో తేల్చేసుకుని కూర్చున్నవాణ్ణి.

"నమూనా లేదు కాబట్టే అడుగుదాం. ఉంటే నువ్వు అడగనిచ్చేవాడివా?" అంది మళ్లీ.

"లాయరు ఫీజు ఎంతట?" అంది పిన్ని, నా భుజం మీది తువ్వాలు లాగి మడతపెడుతూ.

మర్నాడు పెద్ద మేడమ్ ఒప్పుకుంది. ఆవిడకి రిటైరవడానికి రెండేళ్లుంది. ఎవరితోనూ పేచీ పడకుండా ఆ రెండేళ్లు గడిపేయాలన్నదే ఆవిడ ఆశ. "గొడవ కాకుండా చూసుకోండి" అని మాత్రం అంది.

లాయరమ్మా, ఆమె క్లాసులోనే చదివే పొడుగమ్మాయీ కలిసి ఒక ప్రశ్నల కాగితం తయారు చేశారు. పొడుగమ్మాయిది స్కూలు వెనక సందులోనే ఇల్లు. వాళ్లమ్మకి పక్షవాతం వచ్చి మంచం మీద ఉంది. రోజూ మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఈ పిల్ల పరిగెత్తుకెళ్లి అమ్మకి అన్నం పెట్టి, మందు వేసి, పక్క మార్చి, రెండో బెల్లుకి మళ్లీ క్లాసులో ఉండేది. నలభై నిమిషాల్లో ఇదంతా. అందుకేనేమో ఆ పిల్లకి నిమిషాల లెక్క బాగా తెలుసు.

ప్రశ్నల కాగితాలు నా కొట్లోనే తీశారు. "అన్నయ్యా, రెండు వైపులా తియ్యి, కాగితం ఆదా" అంటూ ఇద్దరూ మిషను మీద పడిపోయారు. స్కూల్లో నాలుగువందల పన్నెండు మంది. నాలుగువందల పన్నెండు మందినీ అడిగారు. జ్వరంతో ఇంట్లో పడుకున్నవాళ్ల దగ్గరికీ వెళ్లారు. కొందరు బొమ్మలేశారు. ఒకడు "నన్ను హెడ్మాస్టర్ని చెయ్యాలి" అని రాశాడు. మరుగుదొడ్డి తలుపుకి గొళ్లెం కావాలని నూట నలభై మంది రాశారు. కాని అందరికంటే ఎక్కువమంది రాసింది సైన్సు ల్యాబు గురించి.

మా స్కూల్లో ల్యాబు లేదు. ఉన్న గదిలో విరిగిన బెంచీలు ఉన్నాయి. రైలు పట్టాల అవతల, నాలుగు కిలోమీటర్ల దూరంలో పెద్ద స్కూలు ఉంది. అక్కడ మంచి ల్యాబు ఉంది, బుధవారం మధ్యాహ్నాలు అది ఖాళీగా ఉంటుంది. వారానికి ఒక్క మధ్యాహ్నం తొమ్మిదో, పదో తరగతి పిల్లల్ని బస్సులో అక్కడికి తీసుకెళ్తే చాలు. సాయంత్రానికి మన స్కూలుకి వచ్చేస్తాం. అదీ వాళ్ల సూచన.

ఊరికే అనలేదు. మేడమ్ అనుమతి తీసుకుని బుధవారం ఇద్దరూ రైలు గేటు దగ్గర వాచీ పట్టుకుని నిలబడ్డారు. ఒంటిగంటా నలభైకి బయల్దేరితే గేటు పడకముందే దాటొచ్చు. రెండు దాటితే గూడ్సు బండి వస్తుంది, ఇరవై రెండు నిమిషాలు పోయినట్టే. ఆ పెద్ద స్కూలుకెళ్లి ల్యాబు చూసే మాస్టారుతో మాట్లాడొచ్చారు. పొడుగమ్మాయి వాళ్లమ్మని చూసి రావడానికి బస్సు ఎక్కేముందు పావుగంట విరామం కూడా పెట్టుకున్నారు. అంతా నాలుగు పేజీల్లో, చేత్తో, గీతలు గీసి రాశారు.

ఆ నాలుగు పేజీలు బాబాయి ఎన్నిసార్లు చదివాడో. నా కొట్టుకొచ్చి మరీ చూపించాడు. "చూశావురా? దీనికి నమూనా ఎక్కడిది? ఎక్కడా లేదు." ఆ రోజుల్లో ఆయన ఒక అంగుళం ఎత్తు పెరిగినట్టు కనిపించాడు.

గడువు ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటికి కంప్యూటర్లో ఆ పేజీ మూసేస్తారు. మూడింటి దాకా కరెంటు లేదు. నాలుగింటికి పేజీ తెరుచుకుంది. అప్పుడే నేను సంతకాల కాగితాలు స్కాన్ చేసి తీసుకెళ్లాను. పిల్లల్ని నిజంగా అడిగినట్టు రుజువుగా సంతకాలు జతచేయాలన్నారు. సంతకాలకి చోటుంది. నాలుగు పేజీలకి మాత్రం ఎక్కడా చోటు లేదు.

సూచన రాయడానికి గీతలే లేవు. ఒక గడి ఉంది. దాన్ని నొక్కితే ఒక జాబితా తెరుచుకుంటుంది. అందులోంచి ఒక అంకె ఎంచుకోవాలి. మరుగుదొడ్లు, తాగునీరు, ప్రహరీగోడ, ఆటస్థలం, ఉపాధ్యాయుల కొరత, సమీప పాఠశాలతో అనుసంధానం, పరీక్షల విధానం, క్రమశిక్షణ. తొమ్మిదోది: సూచనలేవీ లేవు.

బాబాయి కిటికీలోంచి ఎవరినో కేకేసి కూతుర్ని పిలిపించాడు. ఆమె వచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడి జాబితా మొత్తం చదివింది.

"ఇందులో మాది లేదు సార్" అంది. గదిలో మేమే ఉన్నా, అలవాటు మీద సార్ అంది.

"లేదమ్మా."

"ఒకటి మీరు చేర్చలేరా?"

"ఎంచుకోవడమే. చేర్చడం ఉండదు."

"ల్యాబు అని ఎక్కడైనా..."

"లేదు."

గోడ గడియారంలో నాలుగూ నలభై. బాబాయి మేడమ్ గదికి వెళ్లి అడిగొచ్చాడు. "దగ్గరగా ఉన్నది ఏదో పెట్టెయ్యండి" అందట ఆవిడ.

"ఆరోది దగ్గరగా ఉంది కదా సార్? పక్క స్కూలుతో కలిపి చేసేదే కదా" అంది లాయరమ్మ.

"తొమ్మిది పెడితే గొడవుండదు."

"మనం ఇంత అడిగాక సూచనలేవీ లేవంటే అబద్ధం కదా?"

ఆయన చేతి వేలు మీటల మీద కాసేపు తచ్చాడింది. తర్వాత ఆరు నొక్కాడు. పచ్చరంగులో ఒక టిక్కు వచ్చింది. "మీ విద్యార్థుల గొంతు మాకు చేరింది" అని వచ్చింది. ముగ్గురం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మూడు నెలల తర్వాత ఉత్తర్వు వచ్చింది. నాలుగువందల పన్నెండు మంది విద్యార్థులు సంతకాలతో కోరిన అనుసంధానం ప్రకారం, వచ్చే ఏడాది నుంచి ఈ స్కూల్లో తొమ్మిది, పది తరగతులు ఉండవు. ఇప్పుడు ఎనిమిదిలోనూ తొమ్మిదిలోనూ ఉన్నవాళ్లంతా పట్టాల అవతలి పెద్ద స్కూల్లో చేరాలి.

బాబాయి ఆ కాగితం పట్టుకుని రోడ్డు దాటి నా కొట్టుకొచ్చాడు. లారీ హారన్ కొడుతున్నా పక్కకి చూడలేదు. కాగితం నా చేతికిచ్చి, తాను చదివింది నిజమేనా అని అడిగాడు. నిజమేనన్నాను.

ఆ వారం తల్లిదండ్రులు వచ్చి స్కూలు హాల్లో కూర్చున్నారు. మేడమ్ ఉత్తర్వు చదివింది. స్కూలు పెట్టిన ఆరో నంబరు ప్రకారమేనని అందులో ఉంది.

"అసలా ఆరో నంబరు పెట్టిందెవరు?" అన్నాడు ఒక బస్సు కండక్టరు, ఇద్దరు కూతుళ్ల తండ్రి.

"పిల్లలే అడిగారంట" అంది వెనక నుంచి ఎవరో ఒకావిడ. "ఆ గుమాస్తా కూతురూ వాళ్లూ."

బాబాయి లేచి నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన ఆ హాల్లో లేచి మాట్లాడటం అదే మొదలు. "నేనే పెట్టానండీ. పిల్లలెవరూ అప్పుడు గదిలో లేరు" అన్నాడు.

తర్వాత పావుగంట సేపు ఆయన్ని అన్నవన్నీ ఇక్కడ రాయను. "సంతాపం బదులు అభినందన చదివించినవాడే కదా" అన్న మాట దగ్గర కొందరు నవ్వారు. లాయరమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది.

ఇంటికెళ్లాక అడిగింది. "ఎందుకలా చెప్పావు? నేనున్నాను కదా. ఆరు పెట్టమన్నది నేనే కదా."

"రికార్డు ప్రకారం నువ్వు లేవు."

"నాన్నా."

"మీట నొక్కింది నేను. అంతే."

పిన్ని ఆ రోజు మడతపెట్టిన దుప్పటే విప్పి మళ్లీ మడతపెడుతూ కూర్చుంది.

పిల్లలు ఊరుకోలేదు. మేం అడిగింది వారానికి ఒక్క మధ్యాహ్నమే, వెళ్లిపోతామని కాదు అని లాయరమ్మా పొడుగమ్మాయీ ఇంకో కాగితం రాసి మళ్లీ సంతకాలకి బయల్దేరారు. ఈసారి తొంభై ఆరు వచ్చాయి. మిగతావాళ్లు పెన్ను ముట్టుకోలేదు. "మళ్లీ సంతకమా తల్లీ? ఈసారి స్కూలు మొత్తం తీయించేస్తావా?" అని పదోతరగతి కుర్రాడొకడు నా కొట్టు ముందే అన్నాడు. వాడి తప్పేం లేదు. ఒకసారి సంతకం పెట్టి చూశాడు కదా.

ఆ తొంభై ఆరు సంతకాలతోపాటు బాబాయి తన ఉత్తరం కూడా తీసుకుని పై ఆఫీసుకి బయల్దేరాడు. తోడు నేను వెళ్లాను. తప్పు దిద్దుకునే ఉత్తరానికి నల్లట్ట ఫైల్లో నమూనా లేదు. కాబట్టి ఆయనే రాశాడు. బస్సులో నాకు చదవమని ఇచ్చాడు. మూడే వాక్యాలు. "మా పిల్లలు ప్రయోగశాల వాడుకుంటామన్నారు. స్కూలు వదిలి వెళ్తామనలేదు. పొరపాటు నాది, శిక్ష కూడా నాకే వేయండి."

"బాగుందా?" అని అడిగాడు.

బాగుంది. నేను చదివిన పుస్తకాల్లో కూడా అంత సూటి వాక్యాలు తక్కువ. ఆ మాటే చెప్పాను. ఆయన సిగ్గుపడి కిటికీలోంచి బయటికి చూశాడు.

పై ఆఫీసులో రెండు గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. తర్వాత లోపలికి పిలిచారు. అధికారి బాబాయి కంటే పదేళ్లు చిన్న. మర్యాదస్తుడు. లేచి కుర్చీ చూపించాడు. ఉత్తరం రెండుసార్లు చదివాడు. తిట్టినా బాగుండేది.

"మీరు దిగులుపడకండి. మీ స్కూలు గురించి మేం చాలా గొప్పగా చెప్పుకుంటున్నాం. అరవై మూడు స్కూళ్లలో అరవై రెండూ తొమ్మిదో నంబరే పెట్టాయి. సూచనలేవీ లేవట! మీరొక్కరే పిల్లల మాట విన్నారు."

"తొమ్మిది పెట్టిన స్కూళ్లు ఏమయ్యాయి సార్?"

"ఏమవుతాయి? ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి."

బాబాయి నాలుగు పేజీలు బల్ల మీద పెట్టాడు. "పిల్లలు అడిగింది ఇది సార్. బస్సు టైములు కూడా రాశారు. చూడండి."

ఆయన చూశాడు. నిజంగానే చూశాడు, మూడో పేజీ దాకా. "ముచ్చటగా ఉంది. ఈ గూడ్సు బండి సంగతి నాకే తెలీదు. కాని మీరే ఆలోచించండి. పిల్లల మాటకి విలువ ఇవ్వాలనే కదా ఇదంతా పెట్టుకున్నాం. ఇప్పుడొక గుమాస్తా వచ్చి, అది వాళ్ల మాట కాదంటే ఎలా తీసుకోవాలి?"

"మాట వాళ్లదే సార్. అంకె నాది."

"మాకు వచ్చేది అంకేనండీ."

"ఈ తొంభై ఆరు సంతకాలు..."

"అక్కడ నాలుగువందల పన్నెండు ఉన్నాయి. ఏది నమ్మమంటారు?"

నేను నోరు తెరిచాను. "పద్నాలుగేళ్ల పిల్ల మధ్యాహ్నం అమ్మకి అన్నం పెట్టి రావాలి సార్, ఆ పిల్ల నాలుగు కిలోమీటర్లు ఎలా పోతుంది?" అన్నాను. గట్టిగానే అన్నానట. బయట గుమాస్తాలు తలలెత్తి చూశారు. అధికారి నా వైపు జాలిగా చూశాడు. "అలాంటి ఇబ్బందులుంటే అక్కడి స్కూల్లో చెప్పుకోమనండి. వచ్చే ఏడాది మళ్లీ సూచనలు తీసుకుంటాం."

ఉత్తరం మీద "చూడబడినది" అని రాసి వెనక్కి ఇచ్చాడు. బాబాయి మొదటి సొంత వాక్యాలకి దొరికిన జవాబు అదొక్కటే.

వేసవి సెలవుల ముందు బదిలీ సర్టిఫికెట్లు రాయాల్సి వచ్చింది. నూట ఎనభై ఏడు. రాయాల్సింది బాబాయే. పిల్లలు కిటికీ ముందు వరుసగా నిలబడ్డారు. ఇన్నేళ్ల పిల్లల మోచేతులకి ఆ కిటికీ చెక్క నున్నగా అరిగిపోయి ఉంది. సర్టిఫికెట్లో స్కూలు ఎందుకు వదులుతున్నారో కారణం ఉండాలి. అక్కడా ఒక గడి, ఒక జాబితా. బాబాయి గడి ఖాళీగా వదిలేసి చూశాడు. యంత్రం ఒప్పుకోలేదు. "తండ్రి బదిలీ" పెట్టి చూశాడు. తండ్రి ఉద్యోగం వివరాలు అడిగింది. మిగిలింది ఒక్కటే: "విద్యార్థి అభీష్టం మేరకు." నూట ఎనభై ఏడు సార్లు అదే నొక్కాడు.

"చివర్లో మా శేషజీవితం హాయిగా సాగాలని కూడా రాయండి నమూనా సార్" అన్నాడు వరుసలోంచి ఒకడు. వెనకవాళ్లు నవ్వారు. బాబాయి తర్వాతి పేరు టైపు చేశాడు.

పొడుగమ్మాయి వంతు వచ్చింది. "సార్, నేను అవతలికి వెళ్లడం లేదు. ఇంట్లోనే ఉంటాను. నాకేం రాస్తారు?"

బాబాయి జాబితా మళ్లీ మొదటి నుంచి చూశాడు. అక్షరం అక్షరం చూశాడు. "నీకూ అదే వస్తోందమ్మా" అన్నాడు.

"సరే సార్" అంది ఆ పిల్ల. కాగితం తీసుకుని, టైము చూసుకుని, ఇంటివైపు పరిగెత్తింది. బెల్లు కొట్టే వేళైంది మరి. ఇక ఆ బెల్లుతో తనకి పనిలేదన్న సంగతి కాళ్లకింకా తెలిసినట్టు లేదు.

లాయరమ్మ వరుసలో చివర నిలబడింది. కిటికీ దగ్గరికి వచ్చాక బాబాయి ఎప్పటిలా కళ్లజోడు సర్దుకుని "తరగతి?" అనబోయి అనలేకపోయాడు. ఆమె కూడా సార్ అనలేదు, నాన్నా అనలేదు. కాగితం తీసుకుంది. కారణం గడి చదివింది. నాలుగుగా మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ మడత అచ్చం వాళ్లమ్మదే.

ఇప్పుడామె పెద్ద స్కూల్లో పదోతరగతి. పొద్దున్న ఏడింటికి బయల్దేరుతుంది. సాయంత్రం గేటు దగ్గర ఇరుక్కుని ఆలస్యంగా వస్తుంది. ల్యాబు ఎలా ఉందని పిన్ని ఒకసారి అడిగింది. "ఇప్పుడు పిల్లలు ఎక్కువయ్యారని ల్యాబుని క్లాసురూమ్ చేశారమ్మా. నేను కూర్చునేది అక్కడే" అంది. ఎవరితోనూ వాదించడం లేదు. పాలు విరిగితే పారబోసి వస్తుంది.

కిందటి వారం ఒకరోజు మధ్యాహ్నం మూడున్నరకి బాబాయి ఆఫీసు ఫోన్ మోగింది. అప్పటికి నేను బిల్లు పుస్తకాలు ఇవ్వడానికి ఆ గదిలోనే ఉన్నాను. అవతలి గొంతు నాకూ వినిపిస్తోంది. ఊరవతలి స్కూలు గుమాస్తా. కొత్తవాడు.

"గురువుగారూ, నమస్కారం. పిల్లల సూచనలు మళ్లీ అడిగారు కదా. ఈసారి నింపిన నమూనా కూడా పంపించారు, చూశారా? దాని ప్రకారమే అందరూ నింపాలన్నారు. అంతా బానే ఉంది గాని, అందులో పిల్లల సంఖ్య నాలుగువందల పన్నెండు అని ఉంది. మాకు మూడువందలే ఉన్నారు. ఎంతని పెట్టమంటారు?"

బాబాయి కంప్యూటర్లో ఆ కాగితం తెరిచాడు. పైన స్కూలు పేరున్న చోట నల్లగా కొట్టేశారు. మిగతాదంతా అలాగే ఉంది. నాలుగువందల పన్నెండు. సూచన: ఆరు.

"గురువుగారూ? ఉన్నారా?"

"ఉన్నాను" అన్నాడు బాబాయి. "ఆరు పెట్టకు నాయనా."

"నమూనాలో ఆరే ఉందండీ."

"పిల్లల్ని అడుగు. వాళ్లు ఏం చెబితే..."

అవతలివాడు ఎంతో వినయంగా, "ఏమని అడగాలండీ? దానికి నమూనా ఏమైనా ఉందా మీ దగ్గర?" అన్నాడు.

బాబాయి ఫోన్ పట్టుకునే వంగి బీరువా కింది అర తెరిచాడు. నల్లట్ట ఫైల్లో అన్నిటికంటే అడుగున, లాయరమ్మ చేత్తో రాసిన ప్రశ్నల కాగితం, ఆ నాలుగు పేజీలూ ఉన్నాయి.

"ఉంది. పంపిస్తాను. అందరికీ పంపిస్తాను" అన్నాడు.

ఇద్దరం రోడ్డు దాటి నా కొట్టుకొచ్చాం. మిషను వేడెక్కడానికి టైము పట్టింది. అరవై రెండు స్కూళ్లకి అరవై రెండు కాపీలు. ఆయన కాగితాలు అందుకుని అంచులు సరిచేసి పేర్చడం మొదలుపెట్టాడు.

"గడువు ఎప్పటిదాకా బాబాయ్?"

"ఇవాళ ఐదింటికి."

గడియారంలో నాలుగూ నలభై అయింది. మిషను ఇంకా తిరుగుతోంది. ఆయన వేడి వేడి కాగితాల దొంతర రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలో నిలబడి, రోడ్డుకి ఇటూ అటూ చూస్తున్నాడు.